ఓదెలన్న బండికి నేను బిగించని ఫ్యాన్

నిన్న ఫస్ట్ షిఫ్టు అయ్యి బొగ్గు బాయి నుంచి పైకి వచ్చాను. లాకర్‌లో పెట్టిన ఫోన్ తీసి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్.

అన్నీ మా గల్లీ వాళ్ళవే.

తిరిగి చేస్తే పక్కింటి కాక ఎత్తాడు. "ఓదెలు పోయిండు రా. పొద్దున ఎనిమిదింటికి, దవాఖానల" అన్నాడు.

నమ్మలేదు. మొన్న ఆదివారమే కదా ఓదెలన్న నాకు ఫోన్ చేసింది. "శీనూ, ఈ వారమన్న వస్తవా?" అని అడిగాడు.

"రేపు వస్త అన్నా" అన్నాను.

అప్పటికే ఆ రేపుకి ఐదు నెలల వయసు.

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. గోదావరిఖనిలో మాది, ఓదెలన్నది ఎదురెదురు ఇళ్ళు. సొంత అన్న కాదు. కానీ నాకు సైకిల్ నేర్పింది ఆయనే, బాయిలో ఎలక్ట్రీషియన్ ఇంటర్వ్యూకు పోయేటప్పుడు తన మంచి షర్టు తొడిగి పంపిందీ ఆయనే.

ఆయనది కాంట్రాక్టు పని. ఎక్కడ పిలిస్తే ఆ పవర్ ప్లాంటుకు పోయి, వేడి పైపులకు గ్లాస్ వూల్ అనే గాజు పీచు చుట్టి, పైన రేకు బిగించాలి. ఇరవై ఏడేళ్ళు చేశాడు. ముక్కుకు కట్టుకునే రుమాలు కూడా ఇంటి నుంచే తీసుకుపోయేవాడు.

పని మానేశాక పాత స్కూల్ వ్యాన్ కొన్నాడు. సీట్లు పీకేసి మంచం, చిన్న స్టవ్ పెట్టాడు. స్వరూప వదినను సముద్రం చూపించడానికి తీసుకుపోతానన్నాడు. ఆమె ఇప్పటిదాకా సముద్రం చూడలేదు.

మన ఎండలకు రేకు డబ్బాలో మనిషి పడుకోవాలంటే గోడల్లో, టాపులో ఏదో ఒకటి నింపాలి. సలహా నేనే ఇచ్చాను.

"నీకు తెల్సిన పనే కదనే. నాలుగు కట్టలు గ్లాస్ వూల్ తే, ఒక్క పూటల అయిపోతది."

ఓదెలన్నకు కోపం రాగా నేను చూసింది ఆ ఒక్కసారే.

"నా అంగీలు ఇరవై ఏడేండ్లు మీ వదిన పిండింది. ఆ నూగు ఆమె చేతులల్ల గుచ్చుకునేది. దురదకు అన్నం కలుపుకోలేక చెంచా అడిగేది. మళ్ల దాన్నే తెచ్చి ఆమె తలకాడ పెట్టాల్నా?"



రామగిరి వైపు గొర్రెల మందల దగ్గరికి పోయాడు. ఇప్పుడు ఉన్ని అడిగేవాడు లేడు, కత్తిరించి పారేస్తున్నారు. అడగ్గానే సంచులకు సంచులు ఇచ్చేశారు. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడుకాయ పిసికి ఉతికాడు. మా గల్లీలో దండేల మీద, గోడల మీద, ఎక్కడ చూసినా గొర్రె బొచ్చే. ఆరాక వేపాకు పొడి చల్లి, గోనెపట్టాల మధ్య పరిస్తే, వదిన బొంత కుట్టినట్టు కుట్టింది. వాటిని వెదురు బద్దలతో గోడలకు, టాపుకు బిగించాడు. అడుగున సున్నం కలిపిన వరి ఊక. టాపుకు లోపలివైపు తడక.

నేనేమో అదంతా వీడియో తీసి మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "గొర్రెల బండి, సముద్రానికి టికెట్లు ఎవరికి కావాలి" అని రాశాను.

అందరూ నవ్వారు. ఓదెలన్న కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు. ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

నిన్నటి నుంచి అదే గ్రూపు నిండా పూలు, దండాలు. "బంగారం లాంటి మనిషి" అంట.

మిమ్మల్ని అనే అర్హత నాకు లేదు. మొదట నవ్వింది నేనే.

బండికి ఒక్క పని మిగిలింది. టాపు మీద గాలిని బయటికి లాగే చిన్న ఫ్యాన్. కొని పెట్టుకుని, వైరింగ్ నన్ను చెయ్యమన్నాడు.

"ఇద్దరం పండుకుంటే మా ఊపిరి తేమంత బొచ్చుకు పడ్తది. గాలి పొయ్యే తొవ్వ లేకుంటే ముక్కిపోతది శీనూ. ఫ్యాన్ పెట్టంది నేను బండి తియ్య."

దసరా పోనీ అన్నాను. తర్వాత పెళ్ళిళ్ళు అన్నాను. తర్వాత డబుల్ డ్యూటీలు అన్నాను.

టాపు మీద ఎక్కడ కొయ్యాలో సుద్దతో గుండ్రంగా గీసి పెట్టాడు. వానకు చెరిగిపోతే మళ్ళీ ఎక్కి గీశాడు.

నా ఉద్యోగమే ఫ్యాన్లు చూసుకోవడం. బాయిలో ఫ్యాన్ ఆగిందంటే తింటున్న అన్నం వదిలేసి ఉరుకుతాను. కింద మనుషుల ఊపిరి దాని మీదే ఉంటుంది కాబట్టి.

ఓదెలన్నకు నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. చూస్తూనే ఉన్నాను. ఎండలు ముదరకముందే పోవాలని ఎందుకు అంత తొందరపడుతున్నాడో ఒక్కసారి కూడా అడగలేదు.

దవాఖానలో ఊపిరితిత్తులు అన్నారు. అవి దేనితో పాడయ్యాయో ఏ కాగితం మీదా లేదు.

నిన్న సాయంత్రం గోదావరి ఒడ్డున అన్నీ అయిపోయాయి.

ఈ పొద్దున టూల్ బ్యాగ్ తీసుకుని ఎదురింటికి పోయాను. ఎవరూ రమ్మనలేదు.

సుద్ద గుండ్రం అట్లాగే ఉంది. దాని వెంటే కోశాను. రేకు కింద ఉన్ని పొడిగా, మెత్తగా ఉంది. చెయ్యి లోపలికి పెట్టి కాసేపు ఉంచాను. దురద పెట్టలేదు.

ఫ్యాన్ బిగించి, వైర్లు కలిపి, స్విచ్ వేశాను. తిరిగింది.

వదిన గడపలో కూర్చుని మొత్తం చూసింది. నలభై నిమిషాలు పట్టింది.

నేను కిందికి దిగాక అడిగింది.

"గింతేనా శీనూ పని?"

తిట్టలేదు. నిజంగా తెలియకే అడిగింది.

వదినను సముద్రానికి నేను తీసుకుపోతానని ఇక్కడ రాద్దామనుకున్నాను. కానీ నా మాట విలువ ఎంతో ఇప్పుడు నాకే తెలుసు. తీసుకుపోయిన రోజే తీసుకుపోయినట్టు.

అన్నా, నీ బండిల గాలి తిరుగుతున్నది.

ఆయాసం లేకుండ పండుకో. నీ పానం సల్లగుండాలె.