కొట్టేసిన మూడు వాక్యాలు

ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఆ ఆఫీసులో ఎక్కడా వినపడదు. అందరికీ ఆమె ఆగమ్మ. అచ్చుకు పరుగెత్తే ప్రతి వార్తకూ అడ్డంపడి "కాస్త ఆగమ్మా, కాస్త ఆగు నాయనా" అంటుంది కాబట్టి ఆ పేరు అంటుకుపోయింది. పత్రిక కోర్టు మెట్లు ఎక్కకుండా చూడటం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా చేస్తోంది.

కొత్త విలేకరులకు పాఠాలు చెప్పేదీ ఆమే. పుస్తకం తెరిచే అలవాటు లేదు. "ఎవర్నైనా దొంగ అని రాసేముందు చేతిలో కాగితం ఉందో లేదో చూసుకో. ఊరంతా అనుకుంటోంది అంటే కుదరదు, ఊరు నీ తరఫున సాక్ష్యానికి రాదు" అనేది. "ఫోన్లో దొరికింది కదా అని ఫోటో నీదైపోదు, తీసినవాళ్లని అడుగు" అనేది. ఇంకో పాఠం దగ్గర మాత్రం గొంతు పెంచేది. "పేరు తీసేస్తే మనిషి దాక్కున్నట్టు కాదు. ఏం పని చేస్తుంది, ఎన్నేళ్ల నుంచి చేస్తోంది అని రాశావంటే పక్కసీటువాడు ఇట్టే పోల్చుకుంటాడు. నువ్వు సగం రాసి, ఇంకో పత్రిక మిగతా సగం రాసినా అంతే. చదివేవాడు రెండూ కలుపుకుంటాడు."

ఈ పాఠం అందరికన్నా బాగా ఒంటబట్టింది పొడుగోడికి. వంగకుండా తలుపు దాటితే నుదుటికి బొప్పి కట్టే మనిషి. ఆరేళ్ల కిందట చేరినప్పుడు అతని రాత తప్పుల తడక. ఆగమ్మ అతన్ని తన బల్ల పక్కన కూర్చోబెట్టుకుని, తిట్టి, దిద్ది, మళ్లీ తిట్టి మనిషిని చేసింది. అందరూ ఆగమ్మగారూ అంటే అతనొక్కడే అక్కా అనేవాడు. ఇంటికి రాకపోకలు కూడా ఉన్నాయి.

ఆగమ్మకు తోడబుట్టిన చెల్లెలు ఒక్కతే. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మందుల గదిలో పనిచేసేది. ఒక ఆదివారం అక్క ఇంటికొచ్చి, తెచ్చిన సంచి కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"గడువు దాటిన మందులకి కొత్త చీటీలు అంటిస్తున్నారక్కా. చిన్నపిల్లలక్కూడా అవే ఇస్తున్నారు. నోరు మూసుకుంటే మనసు ఒప్పుకోవట్లేదు, నోరు తెరిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఏం చెయ్యమంటావ్?"

"మా పొడుగోడికి చెప్పు. నువ్వెవరో బయటికి రాదు. నాదీ పూచీ."

ఆ మాట మీద చెల్లెలు అక్క ఇంట్లోనే, అక్క ఎదుటే, రెండు గంటలు మాట్లాడింది. మందుల డబ్బాలు కూడా చూపించింది.

వార్త ఆగమ్మ బల్ల మీదికి వచ్చింది. ఆస్పత్రి పేరు ఉంచింది, రుజువులు ఉన్నాయి కాబట్టి. మూడు వాక్యాలు మాత్రం కొట్టేసింది: సమాచారం ఇచ్చింది ఆ గదిలోని ఒకే ఒక్క ఆడమనిషి అన్నది, ఆమెది పంతొమ్మిదేళ్ల సర్వీసు అన్నది, ఎడమచేతి వాటం అన్నది. పొడుగోడు పక్కనే నిలబడి బుద్ధిగా తలూపాడు.

పొద్దున వార్త వచ్చింది. మధ్యాహ్నానికి అధికారులు ఆస్పత్రి మీద పడ్డారు. ఆగమ్మ మురిసిపోయింది. ఆ మురిపెం సాయంత్రం దాకా నిలవలేదు. అదే యాజమాన్యం నడిపే సాయంకాలం పత్రికలో ఒక కథనం వచ్చింది, ధైర్యం చేసిన ఒక అజ్ఞాత మహిళ గురించి. ఆస్పత్రి పేరు లేదు. కొట్టేసిన మూడు వాక్యాలూ ఉన్నాయి, అక్షరం పొల్లుపోకుండా.

మర్నాడు చెల్లెల్ని గేటు దగ్గరే ఆపేశారు. లోపల ఉండిపోయిన ఆమె సంచీ, గొడుగూ బయటికి పంపారు.

"నువ్వేనా ఇచ్చింది?" అని ఆగమ్మ పొడుగోణ్ణి మెట్ల దగ్గర నిలదీసింది.

"కంగారుపడకక్కా. సాయంకాలం పత్రికవాళ్లు నన్ను ఎడిటర్‌గా తీసుకుంటామంటున్నారు, ఏదో ఒకటి చూపించాలి కదా. అయినా మన దాంట్లో ఆస్పత్రి ఉంది, మనిషి లేదు. వాళ్ల దాంట్లో మనిషి ఉంది, ఆస్పత్రి లేదు. కేసు వేస్తే దేని మీద వేస్తారు? నువ్వు నేర్పిందే కదా?"

మనిషిని ఎలా దాచాలో ఆమె నేర్పితే, ఎలా బయటపెట్టాలో నేర్చుకున్నాడు. ఆరేళ్లు! అన్నం పెట్టిన ఇంట్లోనే కూర్చుని అంత పని చేశాడు. చెంప పగలగొట్టాలనిపించింది, చెయ్యి లేవలేదు.

మూడో రోజు అతనే ఇంకో వార్త తెచ్చాడు. నిజం చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకున్న మహిళ. ఈసారి చెల్లెలి పేరు, పైన పెద్ద ఫోటో. ఆగమ్మ వంటింట్లో నవ్వుతున్న చెల్లెలు, ఎప్పుడో ఆగమ్మే అతని ఫోన్‌కి పంపిన ఫోటో.

"ఈ ఫోటో తీసింది నేను. అనుమతి ఇవ్వను" అంది ఆగమ్మ.

ఎడిటర్ వెంటనే ఆ ఫోటోని వార్తలోంచి తీసేయించాడు. చెల్లెలి ముఖం మీద ఆమెకు హక్కు దొరికింది. అక్క కాబట్టి కాదు, ఫోటో తీసింది కాబట్టి. పేరు మీద ఆ హక్కు లేదు. వార్తలో రాసిందంతా నిజమే కాబట్టి తప్పని ఆపే దారీ లేదు. మిగిలింది ఆఫీసు నిబంధన ఒక్కటే: వార్తలోని మనిషి వద్దంటే పేరు వెయ్యరు, కానీ ఆ మనిషే స్వయంగా అనాలి, బంధువులు అంటే చెల్లదు. ఆ నిబంధన రాసింది ఆగమ్మే.

ఎడిటర్ ఎదుటే ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టింది.

"చెల్లీ, రేపటి పేపర్లో నీ పేరు వేస్తామంటున్నారు. వద్దని చెప్పు. ఆ ఒక్క ముక్క నీ నోటి నుంచి వస్తే ఆపేస్తాను."

"పక్కన ఎవరున్నారు?"

"ఎడిటర్‌గారు."

"ఇంకా?"

పొడుగోడు తలుపు దగ్గర మెడ వంచుకుని నిలబడి ఉన్నాడు.

"అతనూ ఉన్నాడు."

"నీ మాట నమ్మి ఒకసారి నోరు విప్పానక్కా. ఇంక మీలో ఎవరి ముందూ విప్పను."

ఫోన్ పెట్టేసింది. ఆగమ్మ మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

"వద్దని అనలేదు కదండీ" అన్నాడు ఎడిటర్.

అనలేదు. మర్నాడు చెల్లెలి పేరు మొదటి పేజీలో వచ్చింది.