దారం లేని సూది

మా అత్తమ్మ చీరలకు చేత్తో లేసు కుడుతుంది. మేముండే నవాగామ్‌లో మా గల్లీ ఆడవాళ్ళలో చాలామందికి అదే పని. ఆమె సూదులు ఎనిమిదీ ఒక పాత గుడ్డముక్కకు గుచ్చి ఉండేవి. ప్రతి సూదికీ జానెడు ఎర్ర దారం వేలాడుతుండేది. నాకది చిందరవందరగా కనిపించేది. పైగా అప్పుడే మా పాప దోగాడుతోంది. నేల మీద ఏది మెరిసినా నాకు ప్రాణం పోయినంత పనయ్యేది.

అందుకే ఒక మడత సంచి కుట్టాను. నీలం కాటన్ గుడ్డ. లోపల సూదులు గుచ్చడానికి పాప పాత ఉన్ని టోపీ ముక్క. కత్తెరకూ దారపు ఉండలకూ జేబులు. సూదులు వరసగా గుచ్చుతూ, చూడ్డానికి బాగాలేవని ఆ ఎర్ర దారాలన్నీ లాగేశాను. చివరికి చుట్టి కట్టే నాడాను వాటిలోని లావు సూదితో కుట్టాను. దారం తెంపేసరికి పాప ఏడ్చింది. లేచి వెళ్ళాను.

మధ్యాహ్నం సంచి అత్తమ్మ చేతికిచ్చాను. పక్కింటామె కూడా ఉంది. "కోడలు గింత మంచి బ్యాగు కుట్టిచ్చింది. ఇగ నువ్వు ఆఫీసుకు పోవుడే అక్కా" అంది. అత్తమ్మ నవ్వుతూ మడతలు విప్పి చూసింది.

"ఏడే ఉన్నయ్. లావుది ఏది బిడ్డా?"

నాకు పాప నోరు తప్ప మరేదీ గుర్తు రాలేదు.

"మీరే యాడనో పడేసుంటరు అత్తమ్మా. కండ్లు సరిగ కనవడనప్పుడు కుట్టుడు బంజేయొచ్చు గద. పాప మింగితే ఏం జేద్దుమనుకున్నరు?"

పక్కింటామె తల దించుకుంది. అత్తమ్మ మోకాళ్ళ మీద వంగి, అరచేతులతో నేలంతా తడమసాగింది. "దారముంటె జర కనవడుతుండె" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. ఆ దారాలు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

పాప బొంత మీద ఆమె చెయ్యి ఆగింది. వేలి కొసన రక్తం. నేను కూర్చుని కుట్టిన చోటే, అంచులో గుచ్చి ఉంది సూది.

"గీడ ఎవలు వెట్టిన్రు?" అంది పక్కింటామె.

"నేనే. యాది మర్చిన" అంది అత్తమ్మ.

లేసుకు సన్న సూదే కావాలి. లావు సూదిని ఆమె ఆ రోజు ముట్టలేదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె అబద్ధం వెనక నేను దాక్కున్నాను. పాపను ఎత్తుకుని, ఆమె వేలికి కట్టు కట్టనైనా కట్టకుండా లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాటి నుంచి అత్తమ్మ చీరల మూట తీసుకుని పక్కింటికి పోయి కుడుతోంది. "పిల్ల ఉన్న ఇల్లు గద, గిదే మంచిది" అంటుంది. పాప గడప దగ్గర కూర్చుని ఆమె కోసం ఏడుస్తుంది. అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. పక్కింటామె ముందు అన్న మాటను పక్కింటామె ముందే వెనక్కి తీసుకోవాలి. నాలుగు రోజులైంది. రోజూ వాళ్ళ గుమ్మం దాకా వెళ్తున్నాను. పాపను అత్తమ్మ ఒళ్ళో పెట్టి, నోరు విప్పకుండానే తిరిగి వస్తున్నాను.