ఎందుకు బాబాయి పథకం

విలన్ ఎందుకు చెడ్డవాడయ్యాడో తేలేదాకా ‘ఎందుకు’ బాబాయి నోరు విప్పడు. డబ్బింగ్ థియేటర్లో ఆయనతో వచ్చిన చిక్కల్లా అదే. ఆకాశంలో ఎగిరే హీరోల సినిమాల్లో విలన్లందరికీ ఆయనదే గొంతు. బయట బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కే మనిషి, మైకు ముందు ఊళ్లకు ఊళ్లు బూడిద చేస్తాడు. కాకపోతే ముందు ఆయనకు కారణం చెప్పాలి.

“వీడికి రెక్కల్లేవు, మహిమల్లేవు. మనలాంటి ఉత్త మనిషి. ఊరెందుకు కూలుస్తాడయ్యా?”

“విలన్ కాబట్టి బాబాయ్!” అంటాడు డైరెక్టరు, కళ్లు నలుపుకుంటూ.

“నువ్వు పుట్టుకతోనే ఇలా అరుస్తున్నావా? ఏదో జరిగే ఉంటుంది.”

ఈ గొడవంతా వెనక వరుసలో కూర్చుని వినేది గుంపు పిల్ల. చదువు మధ్యలో ఆగిపోయాక ఈ పనిలో చేరింది. “అమ్మో! పారిపోండి!” అని నలుగురితో కలిసి అరవాలి. గుంపులో అరిస్తే గోడలు అదురుతాయి. ఒంటరిగా మంచినీళ్లు అడగాలన్నా గొంతు పెగలదు.

ఆరోజు మధ్యాహ్నం డైరెక్టరు ఆమెను ముందుకు పిలిచాడు. “విలన్ కూతురికి ఒక్క మాట. బాగా చెబితే ఇకమీదట పాత్రలిస్తా. లేదంటే మళ్లీ గుంపులోకే.”

మాట చిన్నదే: “నాన్నా, చాలు. ఇంటికి పోదాం పద.”

మొదటిసారి తెరమీద అమ్మాయి పెదాలు కదిలి, మూసుకున్నాక గానీ ఈమె గొంతు రాలేదు. రెండోసారి ఆ అమ్మాయి నోరు తెరవకముందే వచ్చేసింది. మూడోసారి అలవాటుకొద్దీ గుంపులో అరిచినట్టే అరిచింది. సౌండ్ ఇంజనీరు చెవులమీది హెడ్‌ఫోన్లు పీకేశాడు.

“ఇది బతిమాలడమా, భూకంపమా?”

“ఇంకొక్క టేక్. రాకపోతే వేరే అమ్మాయిని పిలుద్దాం,” డైరెక్టరు ఆవలించాడు.

గుంపు పిల్ల చేతిలోని కాగితాన్ని మళ్లీ చదువుకుంది. అప్పుడు లేచాడు బాబాయి.

“ఆగండి. పిలుస్తుంటే వీడు ఇంటికెందుకు పోడు?”

“మొదలెట్టాడ్రా!” డైరెక్టరు కుర్చీలో జారిపోయాడు. “హీరో రాక్షసుడి మీదికి బస్సు విసిరాడు. అందులో వీడి పెళ్లాం ఉంది. అందుకని పగ. చాలా?”

“చాలదు. హీరోకు దండలేశారు. బస్సులో ఎవరున్నారని ఒక్కడడిగాడా? సరే, పోయింది పెళ్లాం. పిల్ల ఉందిగా! అది వంట చేసి, మూతపెట్టి, గుమ్మంలో కూర్చుంటుంది. ఈయనగారు షెడ్డులో హీరోను కూల్చే యంత్రానికి మరలు బిగిస్తుంటాడు. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నావా? ఏడవడానికీ ఓపికుండదు. అలిసిపోయి ఉంటుంది.”

వాళ్లిద్దరూ అలా వాదించుకుంటుంటే గుంపు పిల్ల నీళ్లు తాగింది. ఊపిరి కుదుటపడింది. వంట చల్లారిపోతుంటే, పని వదలని తన తండ్రిని తాను ఎలా పిలిచేదో గుర్తొచ్చింది.

“నాన్నా, చాలు. ఇంటికి పోదాం పద.”

పెదాలూ మాటా అతికాయి. ఇంజనీరు బొటనవేలు పైకెత్తాడు. “అమ్మయ్య, కారణం దొరికింది,” అంటూ బాబాయి తన మాటలన్నీ ఒక్క ఊపున చెప్పేసి, చివర్లో చచ్చిపోయి, కండువా దులుపుకున్నాడు.

గుంపు పిల్ల మెట్లదాకా వెంట వెళ్లింది. “బాబాయ్, ఆ బస్సు కథ పొద్దున వాచ్‌మన్‌కు మీరే చెప్పారుగా? ఆమధ్య తాత పాత్రలకు గొంతిచ్చే పెద్దాయనకు మైకు ముందు దగ్గుతెర వచ్చినప్పుడూ ఇలాగే గొడవపెట్టుకున్నారు.”

బాబాయి నీరసంగా మెట్టుమీద కూలబడ్డాడు. “ఈ విలన్లంతా ఎందుకోడిపోతారో తెలుసా అమ్మా? ఆఖర్న పథకమంతా పూసగుచ్చినట్టు చెప్పేసి చస్తారు. నేనంత వెర్రివాడిలా కనిపిస్తున్నానా?”

కొన్నాళ్లకు హీరో గొంతుకోసం కొత్తాయన వచ్చాడు. మాట తడబడింది. మళ్లీ తడబడింది. డైరెక్టరు ఆవలించాడు. బాబాయి లేవబోయాడు గానీ, పొద్దుట్నించీ చచ్చి చచ్చి ఆయన గొంతు బొంగురుపోయింది.

వెనక వరుసలోంచి సన్నటి గొంతు లేచింది.

“సార్... ఈ హీరో నడిచి రావచ్చుగా? ఎగిరెందుకొస్తున్నాడు?”

డైరెక్టరు తల పట్టుకున్నాడు. “ఓరి దేవుడా, ఇద్దరయ్యారు!”