బిందె ఫోటో మంచిగొస్తే

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం నాకు పాత ఫోటోగ్రఫీ పుస్తకం దొరికింది. అందులో ఒక అధ్యాయమంతా బల్ల మీద వస్తువులు పేర్చి ఫోటోలు తీయడం గురించే. వస్తువులు కదలవు, రెప్ప వేయవు, కిటికీ వెలుగు ఉంటే చాలు అని రాశారు. పాలిటెక్నిక్‌లో చదివి, ఫ్యాక్టరీలో మిషన్ భాగాల డ్రాయింగులు గీసే ఉద్యోగంలో ఉన్న నాకు ఇంతకంటే తగిన కళ కనిపించలేదు. మనుషులతో పని లేదు. దూరం కొలవచ్చు, కోణం కొలవచ్చు.

సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి కొన్నాను. కావలసిన వస్తువులు ఒక కాగితం మీద రాసుకున్నాను. పుస్తకంలో ద్రాక్షసారా సీసా, వెండి పళ్లెం, సగం ఒలిచిన నిమ్మపండు ఉన్నాయి. నా గదిలో దగ్గుమందు సీసా, అంచు వంగిన స్టీలు పళ్లెం ఉన్నాయి. నిమ్మపండు బదులు కొత్తపేట పండ్ల మార్కెట్టు నుంచి సీతాఫలాలు తెచ్చాను. సరైన వెలుగు కోసం నేను ఆగాను. సీతాఫలాలు ఆగలేదు. ఆదివారానికల్లా అవి పళ్లెంలోనే విచ్చుకుని, చీమలకు విందయ్యాయి.

పండనిది, కుళ్లనిది ఏదైనా కావాలి అనుకుంటూ ఉండగా ఇంటి ఓనరు మెట్ల కింద నుంచి నన్ను పిలిచాడు.

దిల్‌సుఖ్‌నగర్ వెనక కొత్తగా లేచిన కాలనీలో పైన ఒక గది నాకు కిరాయికి ఇచ్చింది ఆయనే. కాలనీ ఉన్న నేల ఒకప్పుడు వాళ్ల పొలం. ఇప్పుడు ఆయన చంకలో లేఅవుటు చుట్ట పెట్టుకుని ఎల్బీనగర్ వైపు ప్లాట్లు చూపిస్తూ తిరుగుతున్నాడు. కింద ఆయన, ఆయన భార్య, ఆయన తల్లి ఉంటారు. తల్లిని మొదటి రోజు నేను మా గుంటూరు అలవాటులో "మామ్మగారూ" అని పిలిస్తే, "గారు ఏంది పిలగా, నేనేమన్న తహసీల్దారునా? అవ్వ అను" అంది. అప్పటి నుంచి అవ్వ అనే అంటున్నాను.

కిందికి వెళ్లేసరికి వాకిట్లో పంచాయితీ నడుస్తోంది. మధ్యలో ఒక ఇత్తడి బిందె ఉంది. పాత ఇత్తడి తూకం వేసుకుని స్టీలు సామాన్లిచ్చే దుకాణం మెయిన్ రోడ్డు మీద తెరిచారు. కోడలు దాన్ని అక్కడికి పంపాలంటుంది. అవ్వ పంపనంటుంది. అది ఆమె కాపురానికి వచ్చినప్పుడు తల్లిగారిచ్చిన బిందె. పక్కన ఒక సొట్ట ఉంది. పొలంలోని బావి గట్టు మీద జారిపడ్డప్పుడు పడిన సొట్ట అది. ఆ బావిని పూడ్చేశారు. ఇప్పుడది ఎవరి పడకగది కింద ఉందో ఓనరుకు కూడా తెలియదు.

"అత్తమ్మా, అందరిండ్లల్ల స్టీలే ఉన్నది. బోరింగు కాడ మన ఒక్క బిందెనే పచ్చగ కనవడతది. నగుతున్నరు."

"నగనీ. వాళ్ల పండ్లు గట్టిగుండాలె గద."

ఓనరు నా వైపు తిరిగాడు. "తమ్మీ, నీ తాన కెమెరా ఉన్నదంట గద. గీ బిందె ఫోటో తియ్యి. పటం కట్టిచ్చి గోడకు పెడత. అమ్మ రోజు చూసుకుంటది. బిందె దుకాణంకు పోతది. లడాయి కతం."

"ఫోటోల నీళ్లు పట్టుకస్తవారా?" అంది అవ్వ. కొంచెంసేపు బిందె చుట్టూ చెయ్యి తిప్పి, మళ్లీ తనే అంది: "సరే. ఫోటో మంచిగొస్తే తీస్కపోండ్రి. నా బిందె నా బిందె లెక్కనే కనవడాలె. కనవడకుంటె ఇంట్లనే ఉంటది. మల్ల ఎవ్వలు అడగొద్దు."

"మాట మాటే" అన్నాడు కొడుకు.

నాకు మాత్రం అందులో గొడవేమీ కనిపించలేదు. గుండ్రంగా, నిండుగా, సొట్టతో సహా బిందె మాత్రమే కనిపించింది. వచ్చే ఆదివారం తీసేస్తానని మాటిచ్చాను.

పుస్తకం తిరగేస్తే ఒక చిక్కు బయటపడింది. మెరిసే వస్తువులు తీయడం చాలా కష్టమట. ముఖ్యంగా గుండ్రటి లోహపు వస్తువుల్లో గదంతా ప్రతిబింబిస్తుంది. మరునాడు అవ్వ బిందెతో బోరింగు నుంచి వస్తుంటే ఆపి, ఈ సంగతి శ్రద్ధగా వివరించాను.

"అవ్వా, ఒకటే ఇబ్బంది. బిందె మెరిస్తే ఫోటో పాడవుతుంది. ఆదివారం దాకా తోమకండి."

"మెరిస్తె పాడైతదా?"

"పూర్తిగా. అద్దంలా మెరిస్తే ఇక బిందె కనపడదు, మనమే కనపడతాం."

"గట్లనా" అంది అవ్వ. ఇంకా బాగా అర్థం కావాలని కాంతి వచ్చే కోణం, తిరిగి పోయే కోణం సమానమని గోడ మీద బొగ్గుతో గీసి చూపించాను. అంత శ్రద్ధగా నా మాట విన్నవాళ్లు ఫ్యాక్టరీలో కూడా లేరు.

ఆ సాయంత్రం నుంచే కింద బరబరమని చప్పుడు మొదలైంది. చింతపండు, ఇటుక పొడి, ఆ పైన ముగ్గు. వారమంతా తోమింది. శనివారానికి ఆ బిందెలో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.

ఆదివారం పొద్దున కిటికీ పక్కన స్టూలు వేసి, దాని మీద నా డ్రాయింగు బోర్డు పెట్టి, నల్ల దుప్పటి వేలాడదీసి, బిందెను మధ్యలో ఉంచాను. మెరుపు తగ్గించడానికి టాల్కం పౌడరు చల్లాను. నేను కెమెరా స్టాండు సర్దుకునేలోపు అవ్వ కొంగుతో తుడిచేసింది.

"బిందెకు పౌడరేంది పిలగా? పెండ్లిచూపులా?"

పుస్తకంలో రెండో ఉపాయం ఉంది. వస్తువు చుట్టూ తెల్లటి గుడ్డతో గుడారం కట్టి, చిన్న సందులోంచి తీయాలి. కోడలు ఉత్సాహంగా ఉతికిన దుప్పటి తెచ్చి ఇచ్చింది. కట్టాను. అవ్వ విప్పింది.

"అవ్వా!"

"లోపట దానికి గాలాడుతలేదు."

మళ్లీ కట్టాను. మళ్లీ విప్పింది. కిటికీలోంచి వచ్చే ఎండ గోడ మీదికి పాకుతోంది. ఇక దుప్పటి వదిలేసి, ఉన్నది ఉన్నట్టే రీలు అయిపోయేదాకా తీశాను. అవ్వ నా వెనక గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. అక్కడి నుంచి కదలమంటే, "నా బిందెకు నేను కావలి ఉండొద్దా?" అంది.

స్టూడియో నుంచి ప్రింట్లు వచ్చిన రోజు అందరం వాకిట్లో కూర్చున్నాం. ఓనరు మొదటి ఫోటో చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూశాడు.

"తమ్మీ, గిది బిందె ఫోటోనా, నీ లుంగీ ఫోటోనా?"

నిజమే. బిందె కడుపు నిండా నేనే ఉన్నాను. బనీను, గళ్ల లుంగీ, లేని పొట్ట కూడా వచ్చి ఒంగి నిలబడ్డాను. నాకు రెండు కాళ్లు, స్టాండుకు మూడు కాళ్లు, అన్నీ విల్లుల్లా వంగి ఉన్నాయి. ఒక పక్క కిటికీ, దాని బయట తీగ మీద ఆరేసిన ఎవరిదో లంగా. నా భుజం వెనక, గుమ్మంలో, బొటనవేలంత అవ్వ నవ్వుతోంది. మిగతా ఫోటోల్లోనూ ఇదే, లంగా మాత్రం గాలికి అటూ ఇటూ కదిలింది.

"జర దూరంకెల్లి చూస్తె బిందె కనవడతది" అంది కోడలు.

అవ్వ ఫోటోను అందుకుని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. "పిలగాడు కనవడుతుండు. నేను కనవడుతున్న. ఎవరిదో లంగ కనవడుతున్నది. ఏది నా బిందె? సొట్ట ఏది?"

సొట్ట ఉండవలసిన చోట నా మోకాలు ఉంది.

ఓనరు నవ్వు ఆపుకోలేకపోయాడు. మళ్లీ తీద్దామని కోడలు అంటుంటే, ఫోటోలోని బొటనవేలంత తల్లిని చూస్తూ తల అడ్డంగా ఊపాడు. "మాట మాటే. మల్ల అడుగుడు లేదు. గింత చక్కగ బిందెల కూసున్న అమ్మను తూకానికెట్ల వేద్దు?"

"ఫోటోల ఉన్నది మీ అమ్మ. బిందెల కాదు" అని విసుక్కుంది కోడలు. కానీ స్టీలు బిందె ఆ వారమే విడిగా కొన్నారు. బోరింగు దగ్గర రెండూ పక్కపక్కనే వరసలో నిలబడ్డాయి.

నేను మాత్రం చిన్నబోయాను. రీలంతా తీసి ఒక్క బిందెను కూడా పట్టలేకపోయిన మనిషిని కాలనీలో నేనొక్కణ్నే. పుస్తకాన్ని, కెమెరాను పాత పేపరులో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టాను.

మరో రెండు వారాల తర్వాత ఆదివారం పొద్దున్నే తలుపు చప్పుడయింది. తీస్తే అవ్వ, చంకలో బిందె. బిందె అంతా నీటి మరకలు, చిలుము, మబ్బు పట్టినట్టు ఉంది. సొట్ట దగ్గర మాత్రం నీడ పడి, ఎంత లోతుందో అంతా కనిపిస్తోంది. నేరుగా లోపలికి వచ్చి, డ్రాయింగు బోర్డు మీద దాన్ని కూర్చోబెట్టి, సొట్ట కిటికీ వైపుకు తిప్పింది.

"గా దినం సంది తోమలే. ఇగ తియ్యి" అంది. నేను కెమెరా కోసం ట్రంకుపెట్టె తెరుస్తుంటే, గుమ్మం దాకా పోయి ఆగి, మెట్ల వైపు ఒకసారి తొంగి చూసి గొంతు తగ్గించింది. "మంచిగొస్తే నా కొడుక్కు చూపెట్టకు పిలగా."