తారీఖు లేని వాన

"నాకసలు సాక్సులే లేవు మొర్రో అంటే, రెండు కాళ్ళకీ రెండు రంగులవి వేసుకు రమ్మంటారేంటి నాయనా! చెప్పుల్లోకి సాక్సులెవరు వేసుకుంటారు? లేవంటే ఊరుకున్నారా? వాళ్ళే ఒక ఎర్రదీ ఒక ఆకుపచ్చదీ తెచ్చి తొడిగించి ఫొటో తీశారు. నా మొహం చూడు ఇందులో. పళ్ళ డాక్టరు ముందు నోరు తెరిచినట్టు లేనూ?"

పిన్ని ఫోన్ నా ముక్కు దాకా తెచ్చింది. ఫొటోలో ఆమె పక్కనే వాళ్ళ వదిన ఉంది. ఆవిడ మాత్రం కాళ్ళు రెండూ ముందుకు చాపి, రంగులు చూపిస్తూ, పెళ్ళివారింటికి వచ్చినట్టు నవ్వుతోంది.

"ఆవిడకి అన్నీ సరదాలే," అంటూ పిన్ని ఫోన్ బోర్లించింది.

మా వెనక వీధిలో పెద్ద లాండ్రీ ఉంది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు అన్నీ అక్కడికే వస్తాయి. పిన్ని ఇరవై ఆరేళ్ళుగా అందులో దుప్పట్లు మడతపెడుతోంది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె మడతల పిన్నే. ఆ పనికి ఇద్దరు కావాలి. చెరో వైపు రెండేసి మూలలు పట్టుకుని, ఒక్కసారి ఫట్‌మని విదిలించి, ఎదురెదురుగా నడిచి వచ్చి మూలకు మూల కలపాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ దగ్గరికి. రోజుకు నాలుగు వందల దుప్పట్లు. ఇన్నేళ్ళూ పిన్నికి ఎదురుగా ఉన్న మొహం ఒక్కటే, వదినది. ఆవిడ ముందు జోడీ అయింది, తరవాతే వదిన అయింది. ఆవిడ తమ్ముడు, అంటే పిన్ని భర్త, అదే లాండ్రీలో బాయిలర్ చూసేవాడు. ఆయన పోయాక వదినా మరదళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు.

ఆ సాయంత్రం పిన్ని నన్ను పిలిపించింది ఒక కాగితానికి జవాబు రాయించుకోవడానికి. చేతికొచ్చిన ప్రతిదాన్నీ మడతపెట్టే అలవాటు ఆమెది; ఆ కాగితం కూడా ఎనిమిది మడతల్లో, అంచులు కత్తిరించినట్టు ఉంది. విప్పి చదివాను. మెమో. గత మంగళవారం పని వేళలో అనుమతి లేకుండా ముప్పై అయిదు నిమిషాలు స్థానం వదిలి వెళ్ళినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అది తృప్తికరంగా లేకపోతే సార్టింగ్ విభాగానికి మారుస్తారు.

సార్టింగ్ అంటే మురికి గది. వచ్చిన మూటలు విప్పి, మరకల్ని బట్టి బట్టలు వేరుచేసే చోటు. అక్కడ ఎవరి మూట వారిదే, జోడీ ఉండదు.

మెమోతో పాటు అచ్చేసిన మరో కాగితం ఉంది. 'నా ప్రవర్తనకు చింతిస్తున్నాను, ఇకముందు ఇలా చేయను' అని రెండు వాక్యాలు. కింద సంతకానికి చుక్కల గీత.

"రేపటితో మూడు రోజులు అయిపోతాయి," అంది పిన్ని.

"ఇంతకీ ఎక్కడికెళ్ళావు పిన్నీ?"

"మేడ మీదికి."

"ఎందుకు?"

"వానొచ్చింది నాయనా! ఎందుకంటావేంటి?"

నాకు అర్థం కాలేదని నా మొహంలోనే కనిపించి ఉంటుంది. ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.

"డ్రయ్యర్లు రాకముందు మేడ మీద నలభై దండేలు ఉండేవి. ఏడాదికోసారి తొలి వాన చెప్పాపెట్టకుండా వచ్చేది. మా ఆయన బాయిలర్ గంట మూడుసార్లు కొట్టేవాడు. ఇంక చూస్కో! మడతలవాళ్ళు, ఇస్త్రీవాళ్ళు, లెక్కల గుమాస్తా, ఆఖరికి పెద్దాయన కూడా, అంటే లాండ్రీ కట్టించినాయన, తిరనాళ్ళకి పోతున్నట్టు మెట్లెక్కి పరిగెత్తేవాళ్ళం. ఒకసారి పెద్దాయన తడి దుప్పట్లో చుట్టుకుపోయి ఎటు పోవాలో తెలీక గిరగిరా తిరిగాడు. ఎంత పరిగెత్తినా సగం బట్టలు తడిసేవే. ఆయన రేకుల షెడ్డు కింద నించుని, 'పొద్దున్నించి ఉతికిందంతా వానే మళ్ళీ ఉతికింది, ఇంక ఇవాళ్టికి కూర్చోండ్రా' అనేవాడు. బాయిలర్ నీళ్ళతో టీ. అందరిదీ ఒకటే బెంచీ. మా ఆయన నాతో మొట్టమొదట మాట్లాడింది అక్కడే. ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"నా కాలు తొక్కుతున్నావు, జరుగు అన్నాడు."

ఆమె నవ్వలేదు. నవ్వే ఓపిక ఆ రోజు ఆమెకు లేదు.

"డ్రయ్యర్లొచ్చాయి, దండేలు పోయాయి. అయినా పెద్దాయన ఉన్నన్నాళ్ళూ తొలి చినుక్కి గంట మోగింది. అరగంట మేడ మీదికి పోయి, నించుని, దిగొచ్చేవాళ్ళం. ఎవరూ దానికో పేరు పెట్టలా. కేకు కొయ్యలా. ఆయన పోయాక కొత్తవాళ్ళు వచ్చి, 'మీకు సంబరాలు తక్కువయ్యాయి' అని గోడకి ఒక క్యాలెండరు తగిలించారు. నెలకి నాలుగు రోజులు. సాక్సుల రోజు. చిరునవ్వుల రోజు. దిండ్ల రోజు! రోజుకి మూడు వందల దిండు గలేబులు ఉతికేవాళ్ళకి దిండ్లిచ్చి కొట్టుకోమన్నారు. కొట్టుకున్నారు సరే, ఆ దూదంతా ఎవరు ఏరారు? కృతజ్ఞతల రోజని అందరికీ ఒక కాగితం పువ్వు ఇచ్చారు. దాని మీద థాంక్స్ అని ఉంది, నా పేరు లేదు. అది నాకు చెప్పినట్టా, పువ్వుకి చెప్పినట్టా?"

"తొలి వాన సంగతి వాళ్ళకి తెలీదేమో పిన్నీ."

"తెలీకపోవడమేంటి, నేనే పోయి చెప్పా. ఆఫీసులో ఒక అమ్మాయి ఉంది, ఈ రోజులన్నీ చూసేది ఆ పిల్లే. మంచిదే పాపం. 'తారీఖు చెప్పు పిన్నీ, పెట్టేస్తాను' అంది. వానకి తారీఖు నేనెక్కణ్ణించి తెచ్చేదమ్మా అన్నా. 'తారీఖు లేకపోతే కంప్యూటర్ తీసుకోదు పిన్నీ' అంది. సరే, ఎప్పుడొస్తే అప్పుడు అని రాయవే అన్నా. నవ్వింది. తెల్లారేసరికి గోడ మీద పన్నెండో తారీఖున రాసేసింది, తొలి వాన రోజు అని!"

"వానొచ్చిందా ఆ రోజు?"

"ఎక్కడి వాన! మబ్బు తునక లేదు. రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. పదకొండింటికి అందర్నీ హాల్లోకి పిలిచారు. గోడల నిండా కాగితం గొడుగులు. స్పీకర్లో వాన చప్పుడు, మధ్యమధ్యలో ఉరుములు. ఆ పిల్ల ఇస్త్రీ బట్టలకి నీళ్ళు కొట్టే సీసా పట్టుకుని వరసగా అందరి మీదా చల్లుకుంటూ వచ్చింది. నా మొహం మీద కూడా కొట్టింది నాయనా! ఇరవై ఆరేళ్ళు ఆ సీసాతో దుప్పట్లకి కొట్టడం చూసినదాన్ని, నాకు కొట్టారు. దానికి తోడు నీలం రంగు కేకొకటి. సాయంత్రం దాకా అందరి పళ్ళూ నీలమే."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆమె చూసింది.

"నవ్వు, నవ్వు. తొమ్మిది రోజుల తరవాత, మంగళవారం, మూడు గంటలకి రేకుల మీద టపటపా మొదలైంది. అసలు వాన. నా చేతుల్లో రెండు మూలలు, వదిన చేతుల్లో రెండు మూలలు. చెవులు రిక్కించా, గంట మోగలా. ఆ పిల్ల అటుగా వెళ్తుంటే, అమ్మా వానొచ్చింది, అరగంట పైకి పోతాం అన్నా. ఏమందో తెలుసా? 'మన వాన రోజు అయిపోయింది కదా పిన్నీ, ఫొటోలు కూడా పెట్టేశాంగా' అంది. కసిరినా బాగుండేది. అంత తియ్యగా చెప్తే తిరిగి తిట్టడానికి నోరెలా వస్తుంది? నా మూలలు వదిన చేతిలో పెట్టి మెట్లెక్కేశా. పైన ఎవరూ లేరు. బెంచీ కూడా లేదు. నించున్నా, తడిశా, దిగొచ్చి మళ్ళీ దుప్పటి అందుకున్నా. దానికి ఇదిగో, మెమో."

వంటింట్లోంచి ముందు దగ్గు, వెనకే టీ గ్లాసులతో వదిన వచ్చింది. గ్లాసులు టీ బల్ల మీద పెట్టి, దగ్గు ఆగేదాకా తలుపు పట్టుకుని నించుంది.

"ఒక గీత గీసి పారెయ్యవే. సంతకమేగా. నీ ఒంట్లోంచి ఏం పోతుంది?" అంది మరదలితో.

"ఏం పోతుందా? ఇకముందు చేయనని రాసుంది వదినా అందులో. ఇకముందంటే? వచ్చే ఏడు వానొస్తే చెవుల్లో దూది పెట్టుకోవాలా? ఆ దిండ్ల రోజు దూది దాచినట్టున్నావు, ఇవ్వు!"

"చూశావా బాబూ నోరు! దీంతో మా తమ్ముడు ఎలా వేగాడో."

"నువ్వు మాత్రం మాట్లాడకు వదినా. పైకి అందరూ రాకపోతే పోనీ. నువ్వు రాలేదు."

వదిన టీ గ్లాసు నా చేతికిచ్చి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాలుగు మూలలూ నా చేతిలో కుక్కి పోతివి. దుప్పటి నేల మీద పారేసి రావాలా? సూపర్‌వైజరు వేరే పిల్లని పంపాడు నీ బదులు పట్టుకోమని. 'ఇటివ్వండి పెద్దమ్మా' అంది. ఇవ్వలా. దీని జోడీ పైకెళ్ళింది, వస్తుంది అన్నా. ముప్పై అయిదు నిమిషాలు దాన్ని పొట్టకి అదుముకుని అలాగే నించున్నా. అయిదు నిమిషాలు ఎక్కువే అయింది తెలుసా, నీ అరగంట!"

పిన్ని ఇంకా కోపంగా అంది:

"ఈ ముక్క నాకు చెప్పలేదేం?"

"నువ్వు మొహం చూస్తేగా! రెండ్రోజుల్నించి మూలలందిస్తున్నావు గానీ నా వైపు చూశావా? గోడతో కలిసి మడత పెడుతున్నట్టు."

పిన్ని అచ్చేసిన క్షమాపణ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న టీ బల్ల కాలి కింద దోపింది. బల్ల నిలబడింది.

"రాసుకో నాయనా," అంది నాతో. నేను జేబులోంచి పెన్ను తీశాను. "మంగళవారం మూడింటికి వానొచ్చింది. లాండ్రీలో అందరికీ వినిపించింది. ఇరవై ఆరేళ్ళుగా వెళ్తున్నట్టే మేడ మీదికి వెళ్ళాను. వచ్చే ఏడు కూడా వెళ్తాను. తారీఖు కావాలంటే వానని అడగండి. ఆ అరగంటా షిఫ్టు అయ్యాక ఉండి పని చేస్తాను, మీ సాక్సుల రోజుకి పోయిన గంట ఎవరు చేస్తారో మీరు చెప్పండి."

"కింద నా పేరూ రాయి బాబూ," అంది వదిన. "ఆ అరగంటా పని చెయ్యకుండా నించున్నది నేను కూడా. మెమో ఇచ్చేటప్పుడు నన్ను చూళ్ళేదు వాళ్ళు. పంపిస్తే ఇద్దర్నీ ఆ మురికి గదికే పంపమను. మూటలే మడతపెడతాం."

"నీకు మతి పోయిందా?"

"నీతో ఉండి ఇన్నాళ్ళు పోకుండా ఉండటమే గొప్ప," అని ఆవిడ ఖాళీ గ్లాసులు ఎత్తుకుని, దగ్గుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

పిన్ని నాతో గుమ్మం దాకా వచ్చింది. లోపల కుళాయి చప్పుడు మొదలయ్యేదాకా ఆగి, గొంతు తగ్గించింది.

"పొద్దున ఏడింటికి షిఫ్టు. అంతకుముందే శుభ్రంగా తిరగరాసి తెచ్చివ్వు. నేను చెప్పింది చెప్పినట్టు ఉండాలి, ఎక్కడా మెత్తబెట్టకు. ఆవిడ పేరు మాత్రం రాయకు నాయనా. ఆ గదిలో దుమ్ముకీ మందుల వాసనకీ ఆ దగ్గుతో వారం కూడా తట్టుకోలేదు. అడిగితే, కాగితంలో చోటు చాల్లేదని నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మదు."