గార్డియన్ గడిలో మేనమామ

రిటైరవడానికి ఏడాది ముందు, మార్చి నెలలో, నన్ను నందిగామలో పెట్టిన మొబైల్ పాస్‌పోర్టు క్యాంపుకు ఇన్‌చార్జిగా వేశారు. హోదా సూపరింటెండెంటు. చేసే పనిని బట్టి మమ్మల్ని గ్రాంటింగ్ ఆఫీసర్ అంటారు. దరఖాస్తు మీద చివరి నిర్ణయం ఆయనదే. ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నాడో అడిగితే చెప్పుకోవాల్సిందీ ఆయనే.

క్యాంపంటే ఒక పెద్ద వ్యాను. లోపల మూడు కౌంటర్లు. మొదటిదాంట్లో కాగితాలు స్కాన్ చేసి, ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. రెండోదాంట్లో అసలు కాగితాలతో సరిచూస్తారు. మూడోది నాది. బయట షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఎండ. మాది పెనుగంచిప్రోలు కాబట్టి ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ మాటా వరసా నాకు కొత్త కాదు. రోజూ విజయవాడ నుంచి బస్సులో వెళ్ళేవాణ్ణి. కీసర టోల్‌గేటు వచ్చేలోపు ముందురోజు సంగతులు డైరీలో రాయడం పూర్తయ్యేది. ఇప్పుడు రాస్తున్నది ఆ డైరీ చూసే.

క్యాంపు మొదలైన కొద్దిరోజులకే పిల్లల దరఖాస్తులు మామూలు కంటే ఎక్కువ రావడం గమనించాను. ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, ఒక సిమెంటు కంపెనీ తన డీలర్లకు వేసవిలో ఓడ ప్రయాణం బహుమతిగా ఇస్తోంది. టార్గెట్ దాటిన డీలరు, కుటుంబంలో ఇంకొకరు. చెన్నైలో ఎక్కడం, శ్రీలంకలో ఒక రేవు చూడటం, మళ్ళీ చెన్నైలోనే దిగడం. జగ్గయ్యపేట, నందిగామ దుకాణదారుల్లో చాలామంది భార్యను కాదని పిల్లల్ని తీసుకెళ్తున్నారు. ఇంట్లో ఎవరు గెలిచారో అక్కడే తెలిసిపోయేది.

ఓడ అనగానే అందరికీ ఒకే అపోహ. విమానానికైతే పాస్‌పోర్టు కావాలి గానీ, చెన్నైలో ఎక్కి చెన్నైలో దిగేదానికి దేనికండీ అనేవాళ్ళు. పిల్లలకు ఆధార్ చాలదా అనేవాళ్ళు. జగ్గయ్యపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన పాత పాస్‌పోర్టు తెరిచి చూపించి, "మావాడు చిన్నప్పుడు నాదాంట్లోనే ఉన్నాడండి. ఇప్పుడు వాడి కొడుకుని కూడా అందులోనే రాసెయ్యండి, చోటు ఖాళీగానే ఉందిగా" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఒకప్పుడు పిల్లల పేర్లు తల్లిదండ్రుల పాస్‌పోర్టులో చేర్చేవాళ్ళు. ఆ పద్ధతి పోయి చాలాకాలమైంది. ఇప్పుడు చంటిబిడ్డకైనా విడిగా ఉండాలి. ఓడ మన తీరం వెంటే తిరిగి వస్తే గుర్తింపు కార్డు సరిపోతుంది. వేరే దేశపు రేవును తాకిందంటే మాత్రం చెన్నై హార్బరులోనే ఇమిగ్రేషన్ ఉంటుంది, పిల్లవాడి పాస్‌పోర్టు మీద కూడా ముద్ర పడుతుంది. ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలల గడువైనా మిగిలి ఉండాలని ఓడవాళ్ళు అడుగుతారు. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకో, పద్దెనిమిది నిండేవరకో, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. ఇవన్నీ ఆయనకు చెప్పాను. "అయితే గాలి మీదా నీళ్ళ మీదా ఒకటే రూలన్నమాట" అంటూ వెళ్ళి మళ్ళీ వరసలో కూర్చున్నాడు.

ఆ వరసలోనే నాగలక్ష్మి వచ్చింది. నందిగామలో సిమెంటు, ఇనుము కొట్టు ఆమెది. భర్త ఆమెను, పిల్లను వదిలి వేరే ఊళ్ళో ఉంటున్నాడు. విడాకులు లేవు, కోర్టు కేసు లేదు. కొట్టు, డీలర్‌షిప్ ఆమె పేరు మీదే ఉన్నాయి. ఆ ఏడాది టార్గెట్ దాటిన ఆడమనిషి ఆమె ఒక్కతే. తన పాస్‌పోర్టు అంతకుముందే వచ్చింది. ఇప్పుడు నాలుగో తరగతి చదివే కూతురు చందన కోసం వచ్చింది. వెంట ఆమె అన్న శ్రీనివాసరావు ఉన్నాడు.

నేను అడిగేది ఆమెను. జవాబు చెప్పేది ఆయన. పిల్ల పేరు అడిగితే ఆయన, పుట్టిన తేదీ అడిగితే ఆయన. ఆమె పేరు అడిగినా ఆయనే చెప్పాడు. "అమ్మాయి గారికి గొంతు బాగాలేదాండి?" అన్నాను. ఆయన నవ్వి, "దానికి మాటకేం కొదవలేదండి. ఆఫీసు పనులు నేను చూస్తా" అన్నాడు.

తెర మీద దరఖాస్తు తెరిచి చూస్తే తల్లి సంతకం చేయాల్సిన చోట లీగల్ గార్డియన్‌గా శ్రీనివాసరావు పేరు ఉంది. నింపింది నెట్ సెంటర్ కుర్రాడట. స్కూలు కాగితాల్లో గార్డియన్ అన్నచోట మేనమామ పేరు ఉంది, దాన్నే ఎక్కించాడు. మా వైపు ఇది సర్వసాధారణం. తండ్రి దగ్గర లేని పిల్లకు స్కూలు అప్లికేషన్ మొదలుకొని హాస్టలు చీటీ దాకా గార్డియన్ అంటే మేనమామే. తల్లి పక్కనే నిలబడి ఉన్నా ఆమెనెవరూ అడగరు. ఆమె కూడా తన పేరు రాయమని అనదు.

పాస్‌పోర్టు చట్టంలో ఆ మాటకు అర్థం వేరు. తల్లీ తండ్రీ కాకుండా మరొకరు లీగల్ గార్డియన్ కావాలంటే కోర్టు నియమించాలి. ఆ ఉత్తర్వు ఏదీ అని అడిగాను. శ్రీనివాసరావు నొచ్చుకున్నాడు.

"ఉత్తర్వేమిటండీ, మేనమామని. పిల్లకి చెవులు కుట్టించింది నా ఒళ్ళో కూర్చోబెట్టుకునేగా? ఆ రోజు ఏ కోర్టూ అడగలేదే!"

"చెవులు కుట్టడానికి అక్కర్లేదండి. సముద్రం దాటడానికి కావాలి" అన్నాను.

అప్పుడు అసలు విషయం బయటపడింది. ఓడ ఎక్కేది ఆయనా, పిల్లా. నాగలక్ష్మి కొట్టు చూసుకుంటుంది. మిగతా డీలర్లంతా మగవాళ్ళనీ, రాత్రిళ్ళు ఓడ మీద పార్టీలుంటాయనీ, ఒక్కత్తే ఆడమనిషి బాగుండదనీ ఆయన ఉద్దేశం. కొట్టు తరఫున ఆయన పేరు పంపితే సరిపోతుందని కంపెనీ ఏరియా మేనేజరు కూడా అన్నాడట. ఇదంతా ఆయన చెబుతుంటే ఆమె మొదటిసారి నోరు విప్పింది.

"బస్తాలు నేనమ్మితే ఓడ నువ్వెక్కుతావా అన్నయ్యా? నిన్న రాత్రి నుంచీ ఇదే అడుగుతున్నా. ఒక్కసారన్నా సమాధానం చెప్పావా?"

"నీ మంచికేనే పిచ్చిదానా."

"నా మంచి నాకు తెలీదా? గార్డియన్ అని రాయించేటప్పుడు నేను బతికున్నానో లేదో చూసుకోవా?"

వ్యానులో ఉన్న మా వాళ్ళందరూ తెరల వైపు తలలు తిప్పుకున్నారు. చందన మాత్రం నా బల్ల మీది స్టాంపు ప్యాడ్ మూత తీస్తూ మూస్తూ ఉంది.

పెద్దవాళ్ళ సమ్మతి చెప్పే ప్రకటనలు మా దగ్గర రెండు రకాలు. తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చేస్తే అనెక్చర్ డి. ఒకరి సమ్మతి దొరకనప్పుడు, రెండోవారు ఎందుకు దొరకలేదో చెప్పి, దానికి తానే బాధ్యురాలినని రాసి ఇచ్చేది అనెక్చర్ సి. తల్లి ఒక్కతే ఇవ్వవచ్చు. కాకపోతే అప్పుడు పోలీసు విచారణ జరుగుతుంది, కొంత ఆలస్యమవుతుంది. ఈ సంగతి ఆమెకు వివరించి, గార్డియన్ పేరు తీసేసి తల్లి పేరుతో దరఖాస్తు సరిచేయమని మొదటి కౌంటరుకు తిప్పి పంపాను. దిద్దుబాటు మా అధికారంలో ఉన్నదే.

శ్రీనివాసరావు ఫోను తీసుకుని షామియానాలోకి వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచేసరికి నాకు పై అధికారి నుంచి ఫోను వచ్చింది. ఎవరు ఎవరికి చెప్పారో నేను అడగలేదు. ఆయన మంచి మాటలతోనే మొదలుపెట్టాడు. ఇలాంటి కేసుల్లో రేపు తండ్రి వచ్చి గొడవ చేస్తే మనకు తలనొప్పి కదా, తండ్రి సంతకం తెచ్చుకోమని చెప్పి ఫైలు హోల్డులో పెట్టమన్నాడు. హోల్డంటే నిరాకరణ కాదు. కానీ ఓడ వెళ్ళిపోయేదాకా హోల్డులో ఉంటే రెండింటికీ తేడా లేదు.

తండ్రి సంతకం తప్పనిసరి అని ఏ నిబంధనలో ఉందో రాసి పంపండి, దాని ప్రకారం చేస్తాను అన్నాను.

"అన్నిటికీ రాతకోతలేమిటయ్యా? చెబుతున్నాగా" అన్నాడు.

"చెప్పింది రాయడానికి ఇబ్బందేముంది సార్?" అన్నాను. ఫోను పెట్టేశాడు. నేను భోజనం చేశాను. ఆ రోజు గోంగూర పచ్చడి అని కూడా డైరీలో ఉంది.

ఈలోపు శ్రీనివాసరావు మరో దారి పట్టుకొచ్చాడు. బావగారితో మాట్లాడానన్నాడు. తండ్రి వచ్చి డి మీద సంతకం పెడతాడట. పోలీసు విచారణ ఉండదు, పాస్‌పోర్టు త్వరగా వస్తుంది. షరతు ఒక్కటే, పిల్లతో వెళ్ళేది మేనమామే. తల్లి వెళ్ళకూడదు.

చట్టం ప్రకారం అదీ సరైన దారే. ఇద్దరూ సంతకం చేశాక పిల్లతో ఎవరు ప్రయాణిస్తారో మేం అడగం. ఓడ కంపెనీ మాత్రం తల్లిదండ్రుల నుంచి ఒక అనుమతి లేఖ అడుగుతుంది. కాబట్టి రెండు దారులూ ఆమె ముందు పెట్టాను. ఒకటి త్వరగా వచ్చేది. రెండోది వేళకు వస్తుందని నేను హామీ ఇవ్వలేను. అదే ఆమెకు చెప్పాను.

ఆమె పెన్ను అడిగింది. "ఇన్నేళ్ళలో పిల్లకి జొరం వస్తే రాని మనిషి, నన్ను ఓడ ఎక్కనివ్వకుండా ఉండటానికి వస్తానంటున్నాడా సార్? ఆయన సంతకం ఆయన దగ్గరే ఉంచుకోమనండి. నా పిల్ల ఓడ ఎక్కకపోయినా ఫర్వాలేదు. ఎక్కితే నాతోనే ఎక్కుద్ది."

అనెక్చర్ సి మీద ఆమె తెలుగులో సంతకం చేసింది. ఇంటిపేరుతో సహా, గడి దాటి బయటికి వచ్చేంత పెద్ద అక్షరాలతో.

నేను దరఖాస్తును పోలీసు విచారణకు పంపుతూ గ్రాంటు చేశాను. రిమార్కుల్లో ఒక్క వాక్యమే రాశాను. తల్లి ప్రకటన నిబంధనకు సరిపోయింది, తండ్రి హక్కును ఆపే కోర్టు ఉత్తర్వు గానీ, తల్లి హక్కును తగ్గించేది గానీ ఏదీ మా ముందు లేదు.

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. పై అధికారి మౌఖిక సూచనను ఎందుకు పాటించలేదో సంజాయిషీ ఇవ్వమని. మౌఖిక సూచనను రాతలో ఒప్పుకున్న కాగితం అదొక్కటే. సూచన నిబంధనకు విరుద్ధంగా ఉన్నందున పాటించలేదనీ, రాతపూర్వకంగా అడిగినా ఇవ్వలేదనీ జవాబిచ్చాను. తోటివాళ్ళు "విచారిస్తున్నాను" అని ఒక ముక్క చేర్చమన్నారు, రిటైర్మెంటు దగ్గరపడింది కదా అన్నారు. నాకు విచారం లేదు. లేనిదాన్ని సంతకం పెట్టి ఇవ్వడం ఆ ఉద్యోగంలో నేను ఇతరుల్ని వద్దన్న పని.

విచారణకు వెళ్ళిన కానిస్టేబులు సంగతి తర్వాత నాగలక్ష్మే చెప్పింది. ఆయన కొట్టుకు వెళ్ళేసరికి బయట బల్ల మీద శ్రీనివాసరావు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పిల్ల గార్డియన్ మీరేనా అని అడిగాడు కానిస్టేబులు. ఆ క్షణం ఆయన అవునన్నా, గొణిగినా, నివేదిక అడ్డంగా తిరిగేది. ఆమె లోపలి నుంచి వింటోందట.

"నేను మేనమామనండి. గార్డియన్ లోపల లారీ దింపిస్తోంది, పిలవమంటారా?" అన్నాడట శ్రీనివాసరావు.

పాస్‌పోర్టు ఓడ బయల్దేరేలోపే చేతికొచ్చింది. చెన్నై హార్బరులో ఓడ కంపెనీ మనిషి తండ్రి లేఖ ఏదని అడిగాడట. అనెక్చర్ సి నకళ్ళు దగ్గర ఉంచుకోమని నేను ముందే చెప్పి ఉన్నాను. పాస్‌పోర్టు ఇచ్చిన ప్రభుత్వం అడగని కాగితం మీరెందుకు అడుగుతున్నారో రాసివ్వండి అని నాగలక్ష్మి అంది. అతను రాసివ్వలేదు. ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. వాళ్ళు వచ్చేదాకా నందిగామలో కొట్టు తెరిచి ఉంచినవాడు శ్రీనివాసరావే. చెల్లెలు తిరిగొచ్చాక "ఓడ ఊగిందా, నువ్వు దాన్ని ఊపావా?" అని అడిగాడట.

మెమో మీద చివరికి "ఇకపై పై అధికారుల సూచనలు గమనించవలెను" అన్న హెచ్చరికతో సరిపెట్టారు. అది నా సర్వీసు కాగితాల్లో ఉంది. తీసేయించుకునే వీలుందని చెప్పారు. నేను అర్జీ పెట్టలేదు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి రెండు. నోటితో వచ్చిన ఆజ్ఞను కాగితం మీద అడగాలి. అడిగితే చాలావరకు అది అక్కడే ఆగిపోతుంది. రెండోది నా తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళ కోసం: గార్డియన్ గడిలో మేనమామ పేరు కనిపిస్తే ముందు కోర్టు ఉత్తర్వు అడగకండి. పక్కన నిలబడ్డ ఆడమనిషిని, మీరు పిల్లకేమవుతారమ్మా అని అడగండి.