రంగు దీపాల ఆటలో నా గొంతు

“నా పాట ఏమాయరా ఓబులేసూ?”

“పాటకు తావు లేకపాయక్కా. నీ గొంతుండాది గదా, సాల్దా?”

నంద్యాల బస్టాండులో నేనూ నా తమ్ముడూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. మళ్లీ మాట్లాడుకోలేదు. ముందు నుంచి చెబుతాను. నాది సంతకం చేసేంత చదువే, నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

మహానందికి వచ్చే యాత్రికులు దర్శనం కాగానే బస్సెక్కి పోతున్నారు. ఒక రాత్రయినా వాళ్లు నంద్యాలలో నిలవాలని ఊరి పెద్దలు చెరువు పక్క మైదానంలో రోజూ పొద్దుగూకాక రంగు దీపాల ఆట పెట్టారు. మా ఆళ్లగడ్డలో చెక్కిన రాతి నందుల మీద దీపాలు పడుతుంటే టేపులో కథ వస్తుంది. పోయిన మా ఆయన చెక్కిన నంది కూడా అందులో ఉంది. దీపాలూ టేపూ నడిపేది ఓబులేసు.

ఎండాకాలంలో వాడు టేపురికార్డరు పట్టుకుని మా ఇంటికొచ్చి ఇసుర్రాయి పాట పాడమన్నాడు. ఆయన ఉలి కొడుతుంటే నేను పిండి విసురుతూ పాడిన పాట అది. ఆయన పోయాక మళ్లీ పాడింది లేదు. ఆ రోజు మొత్తం పాడాను. ఆయన నంది పక్కన నా పాట రోజూ మోగుతుందని వీధంతా చెప్పుకున్నాను. పక్కింటి రంగమ్మ, ఎదురింటి హుసేన్‌బీ నమ్మలేదు. నమ్మించడానికే వాళ్లను వెంటబెట్టుకుని బయలుదేరాను.

మధ్యాహ్నం రెండు గంటల బస్సు ఎక్కాం. వెళ్లేవాళ్లు కుడి పక్క కూర్చోండి. ఎడమ పక్క ఎండ కొడుతుంది, కుడి పక్కయితే నల్లమల కొండలు కనపడతాయి. శిరివెళ్ల దాటేదాకా హుసేన్‌బీ నన్ను వదల్లేదు.

“అక్కా, రేపట్నుంచి నీతో మాట్లాడాలన్నా టికెట్టు తీసుకోవాల్నా?”

నాకు లోపల సంబరంగానే ఉండింది. నంద్యాలలో దిగి ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. చీకటి పడక ముందే వెళితే ముందు వరుసలో చోటు దొరుకుతుంది. మాకు దొరికింది.

దీపాలన్నీ ఆరిపోయాయి. కరువు వచ్చిందని టేపులో ఎవరో పెద్ద గొంతుతో చెప్పారు. ఎర్ర దీపం ఒక రాతి ముసలమ్మ మీద పడింది. అప్పుడు నా గొంతు వచ్చింది.

“గొంతెండిపాయ, రవ్వన్ని నీళ్లియ్యండ్రా.”

పాట అయిపోయాక మా ఇంట్లో వాళ్లను నేను అడిగిన మాట అది. అప్పటికి వాడు టేపు ఆపలేదని నాకు తెలియదు. అదే మాట మూడుసార్లు వేశారు.

వెనక నుంచి ఎవరో “ఆడదా మొగోడా అది?” అన్నాడు. జనం నవ్వారు. హుసేన్‌బీ నా మోకాలు గిల్లి, “ఎవరన్నా రవ్వన్ని పొయ్యండప్పా, దినామూ అడుగుతాంది” అంది. రంగమ్మ నవ్వకుండా నా చెయ్యి పట్టుకుంది. దానికే నాకు ఎక్కువ సిగ్గయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పాట వస్తుందేమోనని చివరిదాకా కూర్చున్నాను. నీలం దీపాల్లో వాన పడింది. పచ్చ దీపాల్లో ఆయన నంది లేచి నిలబడుతుందేమో అన్నట్టు మెరిసింది. పాట రాలేదు.

ఓబులేసు మమ్మల్ని బస్టాండు దాకా దిగబెట్టాడు. మొదట చెప్పిన మాటలు అక్కడివే.

తిరుగు బస్సులో కండక్టరు “యాడికమ్మా?” అంటే నేను నోరు తెరవలేదు. రంగమ్మే చెప్పింది. ఆట చూసి వస్తున్న ఒకామె నా పక్కన కూర్చుంది. ఆమె చేతిలో నీళ్ల చెంబు ఉంది.

“ఆ ముసలామె నీళ్లడిగితే మా అమ్మే అడిగినట్లుండె. ఈ చెంబెత్తుకోని పోబుద్ధాయ. నువ్వూ చూస్తివా అవ్వా?”

తల ఊపాను. అది నేనేనని చెప్పాలంటే నోరు తెరవాలి. దారిపొడవునా నాకు గొంతెండిపోతూనే ఉంది. అడగడానికి నా దగ్గర ఉన్నవి ఆ మాటలే. అడగకుండానే ఆళ్లగడ్డలో దిగాను.

ఆట చూడదగిందే, వెళ్లి చూడండి. ముసలమ్మ నీళ్లడిగినప్పుడు నవ్వొస్తే నవ్వండి, నవ్వొచ్చే గొంతే అది. దానికి ముందు ఒక పాట మాత్రం ఉండింది.

ఇంగ రాసింది సాలు అమ్మీ. మొదట్నుంచి ఒకసారి సదువు. నీ గొంతులో ఎట్లుంటుందో ఇంటా.